ముప్పై ఆరు కొబ్బరికాయలు

మా డిప్యూటీ డైరెక్టరు చిదానందం గారు మూడు రోజుల శిక్షణకని మహానగరం వెళ్ళి, ఒక గుడ్డసంచీతో, ఒక కాఫీ కప్పుతో, ఒక నమ్మకంతో తిరిగొచ్చారు. సంచీ మీదా కప్పు మీదా ఒకటే వాక్యం అచ్చేసి ఉంది: ‘నిర్వచినిలో లేనిది లోకంలో లేదు.’ ఆయన నమ్మకం కూడా అదే.

మాది గోదావరి ఒడ్డున ఉన్న రేవుల పర్యవేక్షణ కార్యాలయం. నేను అందులో సీనియర్ అసిస్టెంటుని, పేరు పద్మలత. ఇరవై ఆరేళ్ళుగా పడవలకి లైసెన్సులు రాస్తున్నాను. ఈత రాదు. ఈ ఉద్యోగానికి అది అవసరం లేదని మొదటిరోజే చెప్పారు.

నిర్వచిని అంటే కంప్యూటర్లో ఉండే ఒక పెద్ద జాబితా. మా కాగితాల్లో ఏ గడిలో ఏ మాట వచ్చినా దాని అర్థమేమిటో, ఆ గడిలో నింపాల్సింది ఏ రకమో అందులో వెతికి చూసుకోవచ్చు. రకాలు నాలుగే: పూర్ణాంకం, పాఠ్యం, తేదీ, అవును-కాదు. సృష్టిలో ఉన్నదంతా ఈ నాలుగింట్లో సర్దుకుపోతుందని శిక్షణలో చెప్పారట. నిజం చెప్పొద్దూ, మొదట నేనూ సంతోషించాను. ఒక రిజిస్టరులో దూరం మైళ్ళలో, ఇంకో రిజిస్టరులో కిలోమీటర్లలో రాసుకుని ఇన్నేళ్ళు కొట్టుకున్నవాళ్ళం కదా, ఆ బాధ పోతుందనుకున్నాను. నా సంతోషం వారం రోజులుంది.

ఎనిమిదో రోజున సర్క్యులరు వచ్చింది. ‘ఇకమీదట ఏ ఉద్యోగియైనను, సదరు పదముయొక్క నిర్వచనమును, రకమును నిర్వచినియందు వెదకి ధ్రువపరచుకొననిదే, ఏ గడియందును ఏమియు నింపరాదు.’

ముందు దెబ్బ సెలవులకి తగిలింది. ‘సెలవు దినములు’ అన్న గడి రకం పూర్ణాంకం. అంటే ఒకటి, రెండు, మూడు. సగాలు కుదరవు. దాంతో ఆఫీసులో ఒంటిపూట సెలవన్నదే లేకుండా పోయింది. పన్ను పీకించుకోడానికి గంటసేపు వెళ్ళాల్సినవాళ్ళు కూడా రోజంతా సెలవు పెట్టి, మిగతా పూట సినిమాకి పోయేవారు. హాజరు బాగా పడిపోయింది. క్రమశిక్షణ మాత్రం బాగా పెరిగిందని చిదానందం గారు నివేదిక రాశారు.

తరవాత సామాన్ల తనిఖీ జరిగింది. నిర్వచినిలో కుర్చీకి నిర్వచనం: ‘నాలుగు కాళ్ళు కలిగి, ఒక వ్యక్తి ఆసీనుడగుటకు వీలైన సామగ్రి.’ చిదానందం గారిది గిర్రున తిరిగే కుర్చీ. ఒకటే కాడ, దాని కింద అయిదు చక్రాలు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా కాళ్ళు నాలుగు రాలేదు. నేను వెతగ్గా వెతగ్గా ఇంకో నిర్వచనం దొరికింది: ‘చక్రములు కలిగి మనిషిని మోయునది – వాహనము.’

“అయితే వాహనమే. అందులో వెనకాడాల్సిందేముంది?” అన్నారాయన నిబ్బరంగా.

వాహనమన్నాక లాగ్ బుక్కు ఉండాలి కదా! ఆ రోజునుంచి సాయంత్రం అయిదింటికి ఆయన కుర్చీకి లాగ్ బుక్కు రాయడం నా పనుల్లో చేరింది. బయలుదేరిన స్థలం: బల్ల. గమ్యం: కిటికీ. దూరం: రెండు మీటర్లు. ప్రయాణ కారణం: గాలి. ఆయన ఏ రోజుకారోజు చదువుకుని, తృప్తిగా సంతకం పెట్టేవారు.

ఇంతవరకూ నవ్వుకునే సంగతులే. పెమ్మాడి నూకరాజు వచ్చేదాకా నేనూ నవ్వుతూనే ఉన్నాను.

నూకరాజు మా రేవులో పంటు నడిపే సరంగు. పంటంటే తెలియనివాళ్ళకి చెబుతాను. రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, పైన బల్లచెక్కలు పరిచి, చుట్టూ కమ్మీలు బిగిస్తారు. మనుషులు, మోటారు సైకిళ్ళు, దూడలు, పెళ్ళిబృందాలు అన్నీ దాని మీదే ఏరు దాటతాయి. అవతల లంకలో నాలుగొందల గడప ఉంది. ఆ లంకకి మరో దారి లేదు.

“లైసెన్సు ఈ శుక్రవారంతో అయిపోద్దండి అమ్మగారూ. ఏటా మీరే కదండీ రాసిత్తారు,” అంటూ నూకరాజు కాగితాలు బల్ల మీద పెట్టాడు.

నేను అలవాటు ప్రకారం కలం తీసి, సర్క్యులరు గుర్తొచ్చి, నిర్వచిని తెరిచాను. ‘పంటు’ అని కొట్టి వెతికాను. ‘ఇట్టి పదము లేదు’ అంది. ఇంకోసారి వెతికాను. లేదనే అంది. కాగితాలు పట్టుకుని చిదానందం గారి గదిలోకి వెళ్ళాను. నూకరాజు నా వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“నిర్వచినిలో లేదంటే పంటు లేదన్నమాట,” అన్నారు చిదానందం గారు కళ్ళజోడు సర్దుకుని.

“లేకపోడమేటండీ? ఆ కిటికీలోంచి సూడండి, రేవులో ఆగుంది,” అన్నాడు నూకరాజు.

చిదానందం గారు వాహనం మీద కిటికీ దాకా వెళ్ళి చూశారు. “కంటికి కనబడటం వేరు, వ్యవస్థలో ఉండటం వేరు నూకరాజూ. సరే, పడవ అని వెతకండి పద్మలత గారూ.”

‘పడవ: నీటిపై తేలుచు, ఒకే అడుగుభాగము గల జలవాహనము. సంఖ్య రకం: పూర్ణాంకం.’

“దీనికి అడుగుభాగాలు ఎన్ని?”

“రెండండి.”

“అంటే ఇది రెండు పడవలు. రెండు లైసెన్సులు, ఇద్దరు సరంగులు ఉండాలి. అంతేకాదు, రేవుల భద్రతా నియమం పదకొండు ప్రకారం రెండు పడవలు ఒకదానికొకటి ముప్పై అడుగుల ఎడంలో నడవాలి. నీ పడవల మధ్య ఎంత ఎడముంది?”

నూకరాజు చేత్తో జానెడు కొలిచి చూపించాడు. “దూరంగా నడిపితే పైనున్న బల్లచెక్కలు ఏట్లో పడిపోతాయండి. మనుసులు కూడానండి.”

“అది నియమానికి సంబంధించిన విషయం కాదు,” అన్నారాయన. విసుగ్గా అనలేదు, ఎంతో ఓపిగ్గా అన్నారు. అదే నాకు ఒళ్ళు మండించింది.

మర్నాడు పంటు గుర్తింపు సంఘం సమావేశమైంది. అధ్యక్షులు చిదానందం గారు, కార్యదర్శి చిదానందం గారు, సభ్యురాలిని నేను. మూడు గంటలపాటు నిర్వచినిలో వెతికాం. చివరికి ఆయన మొహం వెలిగిపోయింది. ‘రెండు ఆధారములపై పలకలు పరచి, జలమును దాటుటకు ఏర్పరచిన నిర్మాణము – వంతెన.’

“చూశారా! రెండు ఆధారాలున్నాయి, పలకలున్నాయి, నీళ్ళు దాటిస్తోంది. ఇది వంతెన. ఇన్నేళ్ళుగా మనం ఒక వంతెనకి పడవ లైసెన్సు ఇస్తున్నామండీ! ఎంత నిర్లక్ష్యం!”

“సార్, వంతెన కదలదు కదండీ,” అన్నాను.

“దానికీ గడి ఉంది.” నిజంగానే ఉంది. ‘కదులునా? రకం: అవును-కాదు.’ ఆయన అవును నొక్కారు. తెర ఎర్రబడింది. ‘కదులుచున్న వంతెన ప్రమాదకరము. తక్షణమే మూసివేయవలెను.’

సోమవారం నుంచి పంటు ఆగిపోయింది.

ఆ రోజు పొద్దున్న ఆఫీసుకి వస్తూ రేవు దగ్గర ఆగాను. ఈ ఒడ్డున అరవైమంది, ఆ ఒడ్డున అరవైమంది నిలబడి ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. ఈ ఒడ్డున లంక బడి పంతులమ్మ, టీకాల పెట్టెతో నర్సు ఉన్నారు. ఆ ఒడ్డున పసిబిడ్డల్ని ఎత్తుకున్న తల్లులు. నూకరాజు పంటు ఈ ఒడ్డునే తాడుకి కట్టేసి ఉంది. నన్ను చూసి అతను గెడ కింద పెట్టి లేచాడు.

“నలభయ్యేళ్ళల్లో వరదొత్తే తప్ప పంటు ఆపలేదండి అమ్మగారూ. మా నాన్న పోయిన్రోజు కూడా, ఆకరిసూపుకొచ్చే సుట్టాల్ని నానే దాటించానండి. ఇప్పుడు ఏరు చక్కగా ఉంది, ఇంజను చక్కగా ఉంది. ఎందుకాపేవని లంకోళ్ళడిగితే ఏం సెప్పాలో తెలీటం లేదండి.”

నాకు సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆ రేవులో తలొంచుకుని నడవడం అదే మొదలు.

“మరి లంకలోంచి నువ్వెలా వచ్చావు?” అని అడిగాను.

“సరుకు నావ మీదండి. దానికి లైసెన్సుంది. కాయలేసుకొచ్చేనండి.”

సరుకు నావకి ఒకటే అడుగు, మార్కెట్ యార్డువాళ్ళు దానికి ఎప్పుడో నిర్వచనం ఎక్కించేశారు. అందులో వెయ్యదగిన సరుకుల పట్టీ కూడా ఉంది: కొబ్బరికాయ, అరటిగెల, పాలక్యాను, గడ్డిమోపు. సరంగు తప్ప మనిషి ఆ పట్టీలో లేడు.

మూడు రోజులు పోరాను. మూడో రోజుకి చిదానందం గారు మెత్తబడ్డారు, అంటే ఆయన పద్ధతిలో మెత్తబడ్డారు. “సరే. పంటుని నేనే స్వయంగా నిర్వచిస్తాను. క్షేత్రస్థాయి నిర్వచన యాత్ర చేద్దాం. చేతి కంప్యూటరు తీసుకురండి. సాయంత్రం అయిదుకి పై అధికారులతో వీడియో సమావేశం ఉంది, అందులో ఈ విషయం సగర్వంగా ప్రకటిద్దాం.”

పరీక్ష ప్రయాణమని ఉత్తర్వు రాసి, గురువారం మధ్యాహ్నం ఇద్దరం పంటెక్కాం. ఆయన బూట్లు, సంచీ, సంచీలో కాఫీ కప్పు. నూకరాజు మొహంలో ఎంత ఆనందమో! పంటు కదిలితే చాలు, ఎవరిని మోస్తున్నా అతనికి ఒకటే. అవతలి ఒడ్డుకి చేరగానే చిదానందం గారు చేతి కంప్యూటరుకి మొహం చూపించి, ‘లంకకు చేరితిని’ అని హాజరు వేసుకున్నారు. తరవాత టేపు పట్టి పంటు కొలిచారు. బల్లచెక్కలు లెక్కపెట్టారు. కొబ్బరిచెట్టు కింద కూర్చుని గంటన్నరసేపు నిర్వచనం రాశారు.

“వినండి. ‘పంటు అనగా ఉభయ అడుగుభాగ సమన్వితమై, ఫలకాచ్ఛాదితమై, స్వయంచలనశీలమైన అర్ధవంతెనాత్మక జలవాహనము.’ ఎలా ఉంది?”

“భయంగా ఉందండి,” అన్నాడు నూకరాజు.

ఆయన నవ్వి, ‘సమర్పించు’ నొక్కారు. కంప్యూటరు కాసేపు ఆలోచించి ఇలా అంది: ‘మీ ప్రతిపాదన స్వీకరింపబడినది. ఆమోదము లభించువరకు సదరు వస్తువు వాడకము పూర్తిగా నిషేధము. ఆమోదించవలసినవారు: డిప్యూటీ డైరెక్టరు. ఆమోదించవలసిన స్థలము: కార్యాలయ కంప్యూటరు.’

డిప్యూటీ డైరెక్టరు లంకలో ఉన్నారు. కార్యాలయ కంప్యూటరు ఆ ఒడ్డున ఉంది. మధ్యలో గోదావరి ఉంది.

“ఏమయ్యా నూకరాజూ, ఇంజను వెయ్యి. వెళ్ళిపోదాం,” అన్నారు చిదానందం గారు, మామూలుగా అన్నట్టే.

నూకరాజు రెండు చేతులూ జోడించాడు. “ఎలాగండీ అయ్యగారూ? పూర్తిగా నిషేధమని ఇప్పుడే కదండీ చదివారు. నా లైసెన్సు ఎప్పటికీ రాకుండా పోద్దండి.” ఎగతాళికి అన్నాడో, నిజంగానే భయపడ్డాడో నాకు ఈరోజుకీ తెలియదు.

నాలుగయింది. చిదానందం గారు ఒడ్డున అటూ ఇటూ తిరిగారు. లంక జనం చుట్టూ చేరారు. ఎవరూ కోప్పడలేదు. ఒకావిడ మజ్జిగిచ్చింది. “నాలుగు రోజుల్నించీ మేం కూడా ఇలాగే తిరుగుతన్నామండి,” అంది, ఎంతో కలుపుగోలుగా. ఆయన మజ్జిగ తాగి, గ్లాసు తిరిగిచ్చారు.

“సరుకు నావ ఉందండి,” అన్నాడు నూకరాజు. “దాని మీద నిషేధం లేదండి.”

“అందులో మనుషులు ఎక్కకూడదు కదా.”

“మనుసులు ఎక్కకూడదండి. కాయలెక్కచ్చండి.”

చిదానందం గారు సరుకుల పట్టీని చాలాసేపు చూశారు. గడ్డిమోపు ఆయన హోదాకి తగదు. పాలక్యాను మరీ చులకన. “కొబ్బరికాయ మంగళప్రదం,” అని దాన్నే ఎంచుకున్నారు. సంఖ్య: ఒకటి. బరువు దగ్గర ఆగింది. రేవులో కాయలు తూచే కాటా మీద ఆయన్ని నిలబెడితే డెబ్బై మూడు కిలోలు తూగారు. తెర మళ్ళీ ఎర్రబడింది: ‘కొబ్బరికాయ ఒక్కింటికి బరువు రెండు కిలోలు మించరాదు.’

“అయితే ఒక కాయగా కుదరదు,” అన్నారాయన. “డెబ్బై మూడుని రెండుతో భాగిస్తే ముప్పై ఆరున్నర.”

“కాయల సంఖ్య పూర్ణాంకం సార్,” అన్నాను. “సగాలు కుదరవు.”

ఆ మాట అనేటప్పుడు పంటినొప్పితో రోజంతా సెలవు పెట్టినవాళ్ళందరూ నా కళ్ళముందు మెదిలారు. నాకు చాలా హాయిగా అనిపించింది, దాచడమెందుకు?

ఆయన బూట్లు విప్పారు. అరకిలో తగ్గింది. సంచీ, కప్పు తీసి నూకరాజు భార్య చేతికిచ్చారు. ముల్లు సరిగ్గా డెబ్బై రెండు దగ్గర నిలిచింది. ‘కొబ్బరికాయలు: ముప్పై ఆరు’ అని రాసుకుని, నూకరాజు ఆయన్ని జాగ్రత్తగా నావలోకి దింపాడు. నేను రెండు అరటిగెలలుగా ఎక్కాను. ఎన్ని కిలోల గెలలో చెప్పను.

ఏటి మధ్యలో చిదానందం గారు ఒకసారి లేచి నిలబడబోయారు. “కదలకండయ్యగారూ, సరుకు కదిలితే నావ ఒరిగిపోద్దండి,” అన్నాడు నూకరాజు. ముప్పై ఆరు కాయలూ బుద్ధిగా కూర్చున్నాయి.

ఉత్త కాళ్ళతో ఆఫీసుకొచ్చి, ఆయన ఆత్రంగా కంప్యూటరు తెరిచారు. ‘ప్రవేశము నిరాకరింపబడినది. సదరు అధికారి లంకలో ఉన్నారు.’

“నేను ఇక్కడే ఉన్నానయ్యా!” అని తెర మీద అరిచారు. తెర ఒప్పుకోలేదు. వెళ్ళినట్టు హాజరుంది, వచ్చినట్టు లేదు. లంకలోంచి ఆ సాయంత్రం వచ్చినవి ముప్పై ఆరు కొబ్బరికాయలు, రెండు అరటిగెలలు మాత్రమే. నన్ను మాత్రం పేచీ పెట్టకుండా లోపలికి రానిచ్చింది, లంకలో హాజరు వేసుకోమని నన్నెవరూ అడగలేదు కాబట్టి.

“సార్, కంటికి కనబడటం వేరు, వ్యవస్థలో ఉండటం వేరు కదండీ,” అన్నాను. అనకూడదనే అనుకున్నాను, ఆగలేకపోయాను.

వీడియో సమావేశంలో ఆయన లేరు. క్షేత్రంలోనే ఉండిపోయిన అంకితభావం గల అధికారి అని పైవాళ్ళు ఆయన్ని మెచ్చుకున్నారు. ఆయన నా వెనక నిలబడి విన్నారు.

సమావేశం అయ్యాక నా తెర మీద చిన్న గడి వెలిగింది. ‘అధికారి స్థానికముగా లేనందున ఆమోదాధికారము సీనియర్ అసిస్టెంటుకు సంక్రమించినది.’ పంటు ప్రతిపాదన ఎదురుగా ఉంది. సవరించే వీలూ ఉంది. నేను చిదానందం గారి వైపు చూశాను. ఆయన తన ఉత్త కాళ్ళ వైపు చూసుకున్నారు.

“మీ ఇష్టం పద్మలత గారూ,” అన్నారు మెల్లిగా.

అర్ధవంతెనాత్మకం వగైరా అంతా చెరిపేసి రాశాను: ‘పంటు: జనాన్ని రేవు దాటించునా? రకం: అవును-కాదు.’ అవును నొక్కాను. ఆమోదించాను. లైసెన్సు కాగితం అచ్చేసి, నేనే రేవుకి తీసుకెళ్ళి నూకరాజు చేతికిచ్చాను. అతను దాన్ని కళ్ళకద్దుకుని, చదవకుండానే, లంకలో ఆగిపోయిన పంటుని తేవడానికి సరుకు నావ దగ్గరికి పరిగెత్తాడు. చీకటి పడేలోపు నాలుగు సార్లు దాటించాడు. పంతులమ్మ వెళ్ళింది, నర్సు టీకాల పెట్టెతో వెళ్ళింది. ఒడ్డున నిలబడి చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి.

చిదానందం గారి సంగతి మిగిలింది. లంకలోంచి మనిషిగా తిరిగొస్తేగానీ ఆయనకి ఉద్యోగంలోకి ప్రవేశం లేదు. తిరిగి రావాలంటే ముందు వెళ్ళాలి. ఇప్పటికే లంకలో ఉన్నవాడు మళ్ళీ లంకకి వెళ్ళడానికి పంటు రిజిస్టరు ఒప్పుకోదు. అంచేత మర్నాడు పొద్దున్న ఆయన ముప్పై ఆరు కొబ్బరికాయలుగా మళ్ళీ సరుకు నావెక్కారు. లెక్క తప్పుతుందని టిఫిను కూడా మానేశారు. లంకలోకి కొబ్బరికాయలు దిగుమతి కావడం చరిత్రలో అదే మొదలు. నిర్వచిని ఏమీ అనలేదు.

అక్కడ బూట్లు తొడుక్కుని, సంచీ భుజాన వేసుకుని, ఆయన పంటెక్కారు. కప్పు కోసం అడిగితే, నూకరాజు భార్య అందులో తులసి మొక్క నాటేసిందట. ఉంచుకోమన్నారు.

పంటు ఈ ఒడ్డుకి చేరింది. నేను రిజిస్టరుతో, చేతి కంప్యూటరుతో రేవులో నిలబడి ఉన్నాను. నూకరాజు రిజిస్టరు అందుకుని, కలం తీసి ఆగాడు.

“తమరి పేరుకెదురుగా ఏం రాయమంటారండీ?”

“మనిషి అని రాయవయ్యా,” అన్నారు చిదానందం గారు.

“సార్,” అన్నాను, “సర్క్యులరు ప్రకారం రాసేముందు వెతకాలి కదండీ. మనిషి అన్న పదం నిర్వచినిలో ఉందో లేదో చూడమంటారా?”

ఆయన నా చేతిలో కంప్యూటరు కేసి చూశారు. వెనక్కి తిరిగి ఏటి కేసి చూశారు.

“వద్దమ్మా,” అన్నారు. “లేకపోతే ఒక బాధ, ఉంటే ఇంకో బాధ. నూకరాజుకి నేను తెలుసు కదా. రాసెయ్యనీ.”

నూకరాజు రాసేశాడు.